మా వ్యానునకు మోటారు సైకిలు కార్బురేటర్లు

(మంగళగిలో జరిగిన తెలుగువారి కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నన్ను మాటలాడుమని మీరు కోరిన విషయము నాకు గౌరవము తెచ్చునది కాదు. గత సంవత్సరము నా వ్యానునకు జరిగిన సంగతి మీలో చాలమంది చెవిని బడియే యున్నది. విన్నవారిలో సగముమంది "సావుకారుగారి వ్యాను తగలబడినది" అని విన్నారట. తక్కిన సగముమంది "మేనల్లుడు వ్యానునకు విమానపు ఇంజను పెట్టినాడు" అని విన్నారట. రెండును నిజము కావు. వ్యాను తగలబడలేదు, తగలబడవలసినది తప్పినది. ఇంజనును మార్చలేదు, దాని నోరు మాత్రమే మార్చితిమి. ఆ నోటి సంగతియే నేను చెప్పవలసియున్నది.

నేను మెట్రిక్ వరకు చదివిన పప్పుల వ్యాపారిని. ఇంజనుల శాస్త్రము నాకు బడిలో రాలేదు, నష్టములో వచ్చినది. కావున శాస్త్రము తెలిసినవారెవరైనను ఈ సభలో నుండినచో నా తప్పులను వెంటనే దిద్దవలసినదిగా ప్రార్థన.

మా వ్యాను మారుతి ఓమ్ని. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను. ఈ జాతి బండి మన దేశమునకు 1984లో వచ్చినది, 2019లో దాని తయారీ ఆగిపోయినది. మొదట వచ్చినవన్నియు కార్బురేటరు బండ్లు. పొగ నియమములు కఠినములైన పిదప అదే ఇంజనునకు కార్బురేటరు తీసివేసి ఇంజెక్షను పెట్టిరి. నాది ఆ రెండవ రకము. ఈ బండిలో ఇంజను ముందు భాగమున నుండదు, ముందు సీట్ల క్రింద నుండును. ఈ మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో తరువాత పని కలదు.

కిందటి వానకాలమున చిటగుప్ప సంతకు కందిపప్పు వేసికొని పోవుచుండగా బండి దగ్గి, తడబడి, ఆగిపోయినది. తోయించుకొని ఇల్లు చేరితిని. ఒక వర్కుషాపువారు చూచి, ఇంజెక్షనును నడిపించు కంప్యూటరు పెట్టె చెడినదనియు, క్రొత్తది వేయవలెననియు, 22 వేల రూపాయలగుననియు చెప్పిరి. వారి పేరు నేను చెప్పను. బండి విలువయే అరువది వేలు దాటదు. పదునెనిమిది క్వింటాళ్ళ పప్పు అమ్మినను నాకు అంత మిగులదు. ఆ రాత్రి అన్నము సహింపలేదు.

అప్పుడు మా మేనల్లుడు వచ్చి, "మామా, ఆ పెట్టె మనకెందుకు? మోటారు సైకిళ్ళ కార్బురేటర్లు మూడు తెచ్చి, సిలిండరుకొకటి పెట్టెదను. పదివేలలో పని అగును" అనెను. వాడు ఐ.టి.ఐ.లో రెండేండ్లు చదివినవాడు, చేతిలో పని కలవాడు. లోకమంతట ఇట్లు చేయువారున్నారని తన ఫోనులో బొమ్మలు చూపించెను. వాడు చూపినది నిజమే. ఇంగ్లండులో చిన్న పందెపు కార్లను ఇంటివద్దనే కట్టుకొను సరదాగలవారు పెక్కుమంది కలరు. వెబరు కంపెనీ జంట కార్బురేటర్లు ఖరీదైనవి గనుక, పాత మోటారు సైకిళ్ళనుండి విప్పిన నాలుగేసి కార్బురేటర్ల వరుసలను వారు ఫోర్డు మొదలగు కార్ల ఇంజనులకు బిగింతురు. 1998లో వచ్చిన యమహా ఆర్ వన్ బండికి 40 మిల్లీమీటర్ల కార్బురేటర్లు నాలుగుండెడివి. 2002లో ఆ బండియు ఇంజెక్షనునకు మారినది. విప్పి అమ్మబడిన ఆ పాత వరుసలకు అక్కడ మంచి గిరాకి యేర్పడినది. అయితే వారు ఆదివారము పూట సరదాకు తోలెదరు. నేను సోమవారము పప్పు మోయవలెను. ఈ తేడా ఆనాడు నాకు తట్టలేదు.

మన ముసలి మిస్త్రీని మీరందరు ఎరుగుదురు. ఆయన నిజాము కాలపు మిస్త్రీల చేతిక్రింద పని నేర్చినవారి శిష్యుడు. ఆయన భాషలో తెలుగు, కన్నడము, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగును ఒకే గిన్నెలోని కూరవలె కలిసియుండును. జెట్టులో దుమ్ము చేరినచో ఆయనకది "కచ్రా" తప్ప మరియొకటి కాదు. ఆయన విని, "సావుకారూ, చేయవలెననియే యున్నచో ఈ ఇంజనునకే పూర్వము కంపెనీవారిచ్చిన కార్బురేటరు, దాని మూతిగొట్టము, దాని డిస్ట్రిబ్యూటరు మూడును పాత బండినుండి విప్పించి తెచ్చి పెట్టుము. అది తెలిసిన దారి. వీడు చెప్పునది తెలియని దారి" అనెను. మేనల్లునకు ఆ మాట రుచింపలేదు. సిలిండరుకొక నోరుండవలెనని వాని పట్టుదల. నాకును వాని ఉత్సాహము చూచి కాదనబుద్ధి పుట్టలేదు. మేనమామల బలహీనత మీకు తెలియనిది కాదు.

కార్బురేటరు చేయు పని యేమి? నేను తూకము వాడను గనుక నాకు తెలిసిన పద్ధతిలో చెప్పెదను. పెట్రోలు ఒంటరిగా మండదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. గాలికి బరువు లేదనుకొందుము గాని, ఒక లీటరు పెట్రోలునకు చాలినంత గాలి కొలిచినచో తొమ్మిదివేల లీటర్లు, అనగా ఒక చిన్న గదిలో సగమునకు దగ్గర. గాలి ఎక్కువైనచో మంట వేడెక్కి వాల్వులు కాలును. పెట్రోలు ఎక్కువైనచో మసి, నల్లపొగ, ఖర్చు. ఈ తరాజును క్షణమునకు ఎన్నోమారులు సరిచూడవలసిన గుమాస్తా కార్బురేటరు.

ఈ గుమాస్తా పుట్టి నూటముప్పది యేండ్లు దాటినది. 1893లో హంగేరీ దేశమున బాంకి, చొంకా అను నిద్దరు, ఇంచుమించు అదే కాలమున జర్మనీలో మైబాఖ్, సన్నని రంధ్రమునుండి పెట్రోలును చిమ్ము పద్ధతిని కనుగొనిరి. గొట్టము నడుమ సన్నమైనచోట గాలి వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. ఆ తగ్గిన ఒత్తిడి గిన్నెలోని పెట్రోలును పీల్చుకొనును. అంతే. అత్తరు బుడ్డి చిమ్ముటయు ఈ సూత్రము మీదనే.

మోటారు సైకిళ్ళ కార్బురేటరులో ఇంకొక చమత్కారము కలదు. మనము ఎక్సిలేటరు త్రిప్పినప్పుడు తెరచుకొనునది సీతాకోకచిలుక రెక్కవంటి పలక మాత్రమే. దాని ముందు ఒక ఉరుదుండు వ్రేలాడుచుండును. దానికి పైన పలుచని రబ్బరు పొర, క్రింద మొనదేరిన సూది. ఇంజను ఎంత గట్టిగా పీల్చినచో అంత పైకి ఆ దుండు తనంతట లేచును, సూదియు లేచి పెట్రోలు దారి వెడల్పగును. కావున తోలువాడు తొందరపడి ఎక్సిలేటరు నొక్కినను, ఇంజను అడిగినంతయే ఇచ్చును గాని తోలువాడు అడిగినంత ఈయదు. (ఇట్టి గుమాస్తా నా కొట్టులో నుండినచో అప్పుల పద్దు ఇంత పెరిగియుండెడిది కాదు.) ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఇంగ్లండులో స్కిన్నరు సోదరులు 1905 ప్రాంతమున యస్.యు. అను పేరుతో చేసిన కార్బురేటరులోను ఇదే సూత్రము.

ఇక మా లెక్క. మా ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 265 సి.సి. మేనల్లుడు తెచ్చినవి 150 సి.సి. మోటారు సైకిళ్ళవి. "చిన్నవాని చొక్కా పెద్దవానికెట్లు పట్టును?" అని నేనడిగితిని. వాడు కాగితము మీద చూపెను. ఆ మోటారు సైకిలు ఇంజను నిమిషమునకు ఎనిమిదివేల అయిదువందల చుట్లు తిరుగును. మా వ్యాను అయిదువేలు తిరిగినచో గొప్ప. 150ని 8500తో హెచ్చించినచో పన్నెండు లక్షల డెబ్బదియైదు వేలు. 265ను 5000తో హెచ్చించినచో పదమూడు లక్షల ఇరువదియైదు వేలు. రెండింటిలోను రెండు చుట్ల కొకమారు గాలి పీల్చుటయే గావున, పీల్చు గాలి ఇంచుమించు సమానము. చొక్కా సరిపోయినది. నేను వానిని మెచ్చుకొని వీపు తట్టితిని. నేటికిని ఆ లెక్క తప్పని నేననను.

పని ఇరువది రోజులు పట్టెను. మూడు రంధ్రములు గల మందపు ఇనుప పలక కోయించి, దానికి మూడు పొట్టి గొట్టములు అతికించి, గొట్టములకు రబ్బరు బూట్లు తొడిగి, వానికి కార్బురేటర్లు బిగించిరి. ఒక్క తీగ లాగినచో మూడు పలకలును ఒక్కసారే తెరచుకొనవలెను. ఒకటి ముందుగను ఒకటి వెనుకగను తెరచుకొన్నచో ఇంజను కుంటివాని నడకవలె నుండును. దీనికి మేనల్లుడు చేసిన ఉపాయము చూడదగినది. సన్నని పారదర్శకపు గొట్టములు మూడు ఒక చెక్కకు బిగించి, క్రింద నూనె పోసి, ఒక్కొక్క గొట్టము పై కొనను ఒక్కొక్క సిలిండరు గాలిదారికి కలిపెను. ఏ సిలిండరు ఎక్కువ పీల్చుచున్నదో ఆ గొట్టములో నూనె పైకి లేచును. మూడును ఒక్క మట్టమునకు వచ్చువరకు మరలు త్రిప్పవలెను. మిస్త్రీ ఆ చెక్కను చూచి చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఈ చెక్క నాకిమ్ము" అనెను.

రెండవ పని నిప్పురవ్వ. ఇంజెక్షను బండిలో ఏ క్షణమున నిప్పురవ్వ పుట్టవలెనో నిర్ణయించునదియు ఆ కంప్యూటరే. పెట్రోలు పని కార్బురేటరునకు అప్పగించి కంప్యూటరును తీసివేసినచో నిప్పురవ్వకు యజమాని యుండడు. పెక్కుమంది కుర్రవాండ్రు ఇక్కడనే చతికిలబడుదురు. మా వాడు పాత కార్బురేటరు బండి డిస్ట్రిబ్యూటరును సంపాదించెను. అందులో వేగము హెచ్చినకొలది బయటికి జరుగు చిన్న బరువులు, పీల్పునుబట్టి కదలు పొర యుండి, నిప్పురవ్వ కాలమును అవే ముందువెనుకలు చేయును.

మూడవది జెట్లు. ప్లగ్గు విప్పి రంగు చూచుచు జెట్లు మార్చవలెను. తెల్లగా నున్నచో గాలి హెచ్చు, మసిపట్టినచో పెట్రోలు హెచ్చు, కాలిన ఇటుక రంగైనచో సరి. మన బీదరు ప్రాంతము సముద్రమునకు రెండువేల అడుగులకు పైన నున్న పీఠభూమి. ఇక్కడి గాలి కొంత పలుచన. బందరులో సరిపడు జెట్టు ఇక్కడ కొంచెము పెట్రోలు హెచ్చుగా నిచ్చును. కంప్యూటరునకు ఈ సంగతి తనంతట తెలియును. కార్బురేటరునకు మనము చెప్పవలెను.

ఖర్చు పద్దు చెప్పెదను. కార్బురేటర్లు మూడు హైదరాబాదు పాత సామానుల బజారులో 3,300. పలక, గొట్టములు, అతుకుపని 2,600. డిస్ట్రిబ్యూటరు సామాను 2,400. జెట్లు, తీగలు, రబ్బరు పైపులు 1,700. మొత్తము సరిగా పదివేలు. వర్కుషాపువారడిగిన దానిలో పన్నెండువేలు మిగిలినవి. ఇంజను మ్రోగిన రోజున మా వీధి అంతయు వచ్చి చూచినది. ఆ ధ్వని మాత్రము నేను మరువను. పప్పుల బండి పులివలె గుర్రుమనెను. మెట్ట ఎక్కునప్పుడు పూర్వముకంటె హుషారుగా నెక్కెను.

ఒక నెల గడచిన పిదప పద్దు పుస్తకము తెరచి చూచితిని. నేను నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుదును. ఇంజెక్షనుతో లీటరునకు 15 కిలోమీటర్లు వచ్చెడిది, అనగా నూరు లీటర్లు. కార్బురేటర్లతో 11 వచ్చెను, అనగా నూటముప్పదియారు లీటర్లు. లీటరు నూరు రూపాయల పైమాటే. నెలకు మూడువేల ఆరువందలు అదనము. మిగిలిన పన్నెండువేలు నాలుగవ నెల నిండకముందే హరించును. పిదప జీవితకాలము అప్పు. జెట్లు తగ్గించి చూడుమంటిని. తగ్గించినచో ప్రొద్దుటిపూట దగ్గు, మెట్టలో వేడి.

దీనికి కారణములలో ఒకటి మన పొలములలోనే యున్నది. ఇప్పటి పెట్రోలు పూర్వపు పెట్రోలు కాదు. 2025లో మన దేశము పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు స్థితికి చేరినది. ఆ ఇథనాలులో కొంత చెరకునుండియే వచ్చును. చెరకు పండించు మన జిల్లా రైతునకు అది మంచిదే, నేను కాదనను. కాని ఇథనాలులో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. అదియుగాక దానికి కావలసిన గాలి తక్కువ, కిలోకు తొమ్మిది కిలోలు చాలును. పాత పెట్రోలునకు సరిచూచిన జెట్టు క్రొత్త మిశ్రమమునకు గాలి హెచ్చుగా నిచ్చును. ఇంజెక్షను బండిలో పొగగొట్టమునందొక ఆక్సిజన్ కొలమానముండి కంప్యూటరునకు ఎప్పటికప్పుడు కబురు చెప్పుచుండును, అది సరిదిద్దుకొనును. కార్బురేటరు చెవిటి గుమాస్తా. నిన్నటి ధర తోనే నేడును అమ్మును. పైగా పాత రబ్బరు పైపులు, పొరలు ఇథనాలునకు ఉబ్బి మెత్తబడును. ఎండకాలమున బండి ఆపిన పిదప సీటు క్రింది వేడికి గిన్నెలోని పెట్రోలు ఉడికి ఆవిరియై, మరల స్టార్టు చేయబోయినచో మొరాయించును.

ఇవి డబ్బు సంగతులు. ఇక ప్రాణము సంగతి.

మోటారు సైకిలునకు పెట్రోలు పంపు అక్కరలేదు. ట్యాంకు పైన, కార్బురేటరు క్రింద. అడుగు ఎత్తునుండి దిగు పెట్రోలు ఒత్తిడి ఎంత? ఏమియు లేదనవచ్చును. గిన్నెలోని ఫ్లోటు తేలి, చిన్న సూదితో ఆ దారిని మూసివేయును. ఆ సూది అంత ఒత్తిడికే పుట్టినది. ఇంజెక్షను బండి ట్యాంకులోని పంపు సుమారు 3 బార్ల ఒత్తిడితో తోయును. అడుగు ఎత్తునుండి దిగు ఒత్తిడికది నూరు రెట్లకు పైమాట. ఈ రెండింటిని కలుపుట గుమ్మడికాయను దారముతో కట్టుటయే.

మేనల్లునకు ఈ సంగతి తెలియదని కాదు. తక్కువ ఒత్తిడి పంపు వేరుగా కొనవలెనని వాడు చెప్పెను. "ఉన్న పంపుండగా ఇంకొకటెందుకు?" అన్నది నేను. ఈ మాట ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. అప్పుడు వాడొక ఉపాయము చేసెను. పంపునుండి వచ్చు పెట్రోలులో చాలభాగము తిరిగి ట్యాంకులోనికి పోవునట్లు ఒక రబ్బరు పైపు వేసి, కార్బురేటర్లకు మిగిలిన కొంచెము మాత్రమే వచ్చునట్లు చేసెను. పది రోజులు తోలి చూచెను. చుక్క కారలేదు.

మాఘమాసమున జహీరాబాదులో పెండ్లి. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు బయలుదేరితిమి. నేను తోలుచుంటిని, ఆమె ప్రక్క సీటులో. పెద్ద రోడ్డెక్కిన కొంత సేపటికి బండి కుదుపులు కుదిపి, నల్లపొగ విడిచి, ఆగిపోయెను. నేను మరల మరల చావి త్రిప్పుచుంటిని. వెనుకనుండి మా చిన్నమ్మాయి, "బాపూ, పెట్రోలు వాసన వస్తున్నది" అనెను. "బండి అన్న తరువాత పెట్రోలు వాసన రాదా" అని నేను కసరితిని. మా వెనుక ఆగిన లారీ డ్రైవరొకడు క్రిందికి దూకి, బండి క్రింద చూచి, "చావి తీయ్! అందరు దిగుండి!" అని కేక వేసెను. నేను చావి తీసినప్పుడు ట్యాంకువైపు జుయ్యిమను ధ్వని ఆగినది. అంతవరకు పంపు నడచుచునే యున్నది. ఇంజను ఆగినను పంపు ఆగలేదు. నేను స్టార్టరు నొక్కినప్పుడెల్ల నా సీటు క్రిందనే నిప్పురవ్వలు పుట్టుచుండెను, అక్కడనే పెట్రోలు వేడి పొగగొట్టము ప్రక్కగా ధార కట్టి కారుచుండెను.

పిల్లలను రోడ్డు ప్రక్క తుమ్మచెట్టు క్రింద కూర్చుండబెట్టి, నేను నేలమీద చతికిలబడితిని. నా భార్య ఒక్క మాటయు అనలేదు. ఆ ఊరకుండుట నేటికిని నాకు ఇంటిలో వినబడుచునే యున్నది. ఆ లారీ డ్రైవరు ఇసుక తెచ్చి పోసి, మేము వేరే బండి ఎక్కువరకు కదలలేదు. పేరడిగినచో నవ్వి వెళ్ళిపోయెను.

మరునాడు మిస్త్రీ సీటు విప్పి చూచెను. కారణము దొరికినది. తిరిగి ట్యాంకునకు పోవలసిన రబ్బరు పైపు ప్రక్క సీటు ఇనుప చట్రము అంచుక్రిందుగా పోవుచున్నది. పది రోజుల పరీక్షలో మేనల్లుడు ఒంటరిగా తోలెను. ప్రక్క సీటు ఖాళీ. పెండ్లినాడు ఆ సీటులో మనిషి కూర్చుండెను, ఆమె ఒడిలో చీరల పెట్టె. సీటు దిగి పైపు నలిగినది. తిరుగుదారి మూసుకొన్నది. మూడు బార్ల ఒత్తిడి అంతయు ఫ్లోటు సూదుల మీద పడినది. సూదులు ఓడినవి. గిన్నెలు పొంగి, కొంత పెట్రోలు బయటికి, కొంత సిలిండర్లలోనికి పోయినది. నూనె కొలుచు పుల్ల తీసి చూచినచో నూనె మట్టము రెండువ్రేళ్ళు పెరిగియున్నది, పెట్రోలు కంపు కొట్టుచున్నది. ఆ పలుచని నూనెతో ఇంకొక కోసెడు దూరము నడిచియుండినచో బేరింగులు పోయెడివే.

పంపు ఎందుకాగలేదని మీరడుగవచ్చును. ఇంజెక్షను బండిలో ఇంజను తిరుగుట ఆగినదని కంప్యూటరునకు తెలిసిన ఒకటిరెండు సెకండ్లలో అది పంపును ఆపివేయును. బండి బోర్లపడినను అంతే. మేము ఆ కంప్యూటరును తీసివేసి, పంపును నేరుగా చావికి కలిపితిమి. పారేసిన పెట్టెలో అట్టి కాపలాదారుకూడ నున్నాడని మాకు తట్టలేదు. అందరు ఇంజెక్షను పెట్రోలు చిమ్మునదనియే యెంచుదురు. అది చేయు పనులలో చిమ్ముట ఒకటి మాత్రమే.

చట్టము సంగతియు చెప్పవలెను, ఏలయన ఈ సభలో వర్కుషాపు పెట్టదలచిన కుర్రవాండ్రు నలుగురున్నారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్దేశించిన వివరములతో రిజిస్ట్రేషను పత్రములోని వివరములు పొసగనట్లు బండిని మార్చరాదు. 2019లో వచ్చిన సవరణ ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరునెలల వరకు ఖైదు, లేదా మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఒక్క మార్పుకు అయిదువేలు, మొత్తమునకు కాదు. ఆనాడు బండి కాలియుండినచో ఇన్సూరెన్సువారు ఏమనియుందురో నేను వేరుగా చెప్పనక్కరలేదు. పొగ పరీక్షకు తీసికొనిపోవుటకు కూడ నేను నెలనెల జంకుచుంటిని. సభలో నాకు ముందు వరుసలో కుర్చీ వేయుదురు. ఆ కుర్చీలో కూర్చుండి, బయట చట్టమునకు చాటుగా బండి నడుపుట నాకే సిగ్గనిపించినది.

పిదప జరిగినది వినినచో నవ్వుదురు. కార్బురేటర్లన్నియు విప్పించి, పాత ఇంజెక్షను సామానంతయు మరల ఎక్కించుటకు నిశ్చయించి, చెడిన కంప్యూటరు పెట్టెను హైదరాబాదులో అట్టివి బాగుచేయు ఒకని వద్దకు పంపితిని. అతడు మూడవనాడు ఫోనుచేసి, పెట్టెకు ఏ రోగమును లేదనియు, తీగలు కలియు చోట వాననీరు చేరి పచ్చని చిలుము పట్టినదనియు చెప్పెను. తుడిచి, క్రొత్త కనెక్టరు వేయించుటకు మూడువేల అయిదువందలు. ఇరువదిరెండువేలు అడిగినవారిని తిట్టుకొంటిని గాని, వారి తప్పు సగము, రెండవ అభిప్రాయము అడుగని నా తప్పు సగము. పదివేలు పోసి నేర్చినది, ముందుగా ఒక గుడ్డపేలికతో ఆ తీగల ముడి తుడిచి చూచినచో తెలిసియుండెడిది.

బండి ఇప్పుడు లీటరునకు పదునైదు ఇచ్చుచున్నది. పులి ధ్వని పోయినది. మా వీధి పిల్లలకు కొంచెము విచారము.

ఇక మన సంఘములో జరిగిన వాదము. సంగతి తెలిసిన పిదప పెద్దలు కొందరు, కుర్రవాండ్రు ఇట్టి పనులు చేయరాదని తీర్మానము చేయవలెననిరి. మేనల్లుడు నాలుగు నెలలు ఎవరి ముఖము చూడలేక తలవంచుకొని తిరిగెను. నేను ఆ తీర్మానమునకు ఒప్పుకొనలేదు. ఆ పంపు విషయమున వాడు చెప్పినది విననివాడను నేను. మూడు గొట్టముల చెక్క చేసినవాడు వాడు. వాని తప్పు చేతిలో లేదు, బండిని నడిరోడ్డు మీదికి తెచ్చుటలో నున్నది. అందులో నా వంతే హెచ్చు. మన పిల్లలు బడిలో కన్నడము చదివెదరు, యంత్రముల పుస్తకములు ఇంగ్లీషులో నుండును, మిస్త్రీ మాట ఉర్దూలో నుండును. జెట్టు ఏల మార్చవలెనో, గాలి ఏల పలుచనగునో ఇంటిభాషలో చెప్పువారు వారికి దొరకరు. మోటారు సైకిళ్ళు 2020నుండి ఇంజెక్షనునకు మారుచున్నవి గాని, మన పల్లెలలో కార్బురేటరు బండ్లు, పెట్రోలు నీటిపంపులు, మందు చల్లు యంత్రములు ఇంకను వేలకొలది తిరుగుచున్నవి. వానిని బాగుచేయువానికి చాలకాలము పని దొరకును.

కావున మిస్త్రీయు నేనును కలిసి ఒక పని చేసితిమి. తుక్కుకు పోవుచున్న పాత మారుతి ఇంజనొకటి కొని, ఇనుప కమ్ముల చట్రమునకు బిగించి, దానికి ఆ మూడు కార్బురేటర్లు పెట్టించితిమి. చక్రములు లేవు గనుక దానికి రిజిస్ట్రేషను లేదు. పంపు లేదు. రెండడుగుల ఎత్తున వ్రేలాడదీసిన సీసాలో అరలీటరు పెట్రోలు, దానికొక కుళాయి. నా కొట్టు వెనుక ఆరుబయట, ప్రక్కన రెండు ఇసుక బకెట్లతో నున్నది. మా మేనల్లుడే నేర్పును. మిస్త్రీ మోడామీద కూర్చుండి తప్పులు పట్టును.

వచ్చే ఆదివారము ప్రొద్దున తొమ్మిది గంటలకు మొదటి కార్బురేటరు విప్పుదుము. రాదలచినవారు పాత బట్టలు కట్టుకొని, ఒక ఇత్తడి పళ్ళెము తెచ్చుకొనవలెను. జెట్లు చిన్నవి, నేలమీద పడినచో దొరకవు. బీడీలు, అగ్గిపెట్టెలు గేటు వద్ద మా గుమాస్తాకు అప్పగింపవలెను. పెద్దవారైనను సరే.